ఏడో నెలలో ఇంటికి కుక్కపిల్ల, అదీ పాప పుట్టినరోజు పార్టీలోనే: తేవచ్చా?

ప్రశ్న

నమస్తే అండీ. నాకిప్పుడు ఏడో నెల. మా పాపకి వచ్చే నెల 5 ఏళ్ళు నిండుతాయి. ఏడాదిగా ఒకటే పాట, కుక్కపిల్ల కావాలని. బుజ్జి పాపాయి వస్తే తనని ఎవరూ పట్టించుకోరని బెంగపెట్టుకుందని మా ఆయన నాతో ఒక్క మాటైనా చెప్పకుండా "సరే" అనేశారు. తెలిసినవాళ్ళ కుక్క ఈనింది. పార్టీలో అందరి ముందూ పెట్టెలోంచి తీసి పాప చేతికివ్వాలని ఆయన ప్లాను. అప్పటికి కుక్కపిల్లకి సరిగ్గా ఆరు వారాలు.

అత్తయ్యగారేమో కుక్క వెంట్రుకలు కడుపులోకి పోతే బిడ్డకి మంచిది కాదంటున్నారు. స్నేహితురాలొకామె టాక్సోప్లాస్మా అని, జంతువుల నుంచి వచ్చి కడుపులో బిడ్డకి హాని చేసే క్రిమి పేరు చెప్పి భయపెట్టింది. నాకూ కుక్కలంటే ఇష్టమే, కానీ టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

ఇంట్లో రెండు కుక్కలున్న ఆవిడ

ఆరు వారాలకి తల్లి దగ్గర్నుంచి తీసుకోకండి. కనీసం 8 వారాలు నిండాలి. తోబుట్టువులతో కొట్టుకుంటూ, గట్టిగా కొరికితే అవతలిది కుయ్యిమని ఆట మానేస్తే, అప్పుడు తెలుస్తుంది దానికి ఎంత గట్టిగా కొరకకూడదో. ఆ పాఠం అక్కడ నేర్చుకోకపోతే మీ పాప చేతుల మీద నేర్చుకుంటుంది.

ఇక పార్టీలో పెట్టెలోంచి తీయడం. అది మేం చేశాం కాబట్టి చెప్తున్నా. మా అబ్బాయి నాలుగో పుట్టినరోజు. పెట్టె మూత తీయగానే పదిహేను మంది పిల్లలు ఒక్కసారి అరిచారు. కుక్కపిల్ల పెట్టెలోనే పాసు పోసేసింది. ఒకడు వీపు పట్టుకుని లాగాడు, ఇంకొకడు తోక. ఇంతలో బెలూన్ పేలింది. అది పోయి మంచం కింద దూరి, గోడ మూలకి నక్కి, వణుకుతూ కూర్చుంది. చెయ్యి పెడితే పళ్ళు చూపించింది. మా వాడు మంచం పక్కన బోర్లా పడుకుని "రా రా" అంటూ ఒకటే ఏడుపు, అవతల కేక్ కోయడానికి అందరూ ఎదురుచూపు. రాత్రికి వాంతులు. మర్నాడు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే బెలూన్ ముక్క, దాంతోపాటు గిఫ్ట్‌కి కట్టిన రిబ్బన్ బయటపడ్డాయి. రిబ్బన్ పేగుల్లో చుట్టుకుంటే ఆపరేషనే అన్నారు, మాకు అంతదాకా పోలేదు. బెలూన్ శబ్దం వింటే ఇప్పటికీ అది మంచం కిందే ఉంటుంది. దానికి ఆరేళ్ళు.

ఇంకొకడు

మా ఇంట్లో ఇలాగే తెచ్చాం, ఏమీ కాలేదు. అనవసరంగా భయపెట్టకండి.

నర్సుగా పనిచేస్తున్న ఆవిడ

ఏమీ కాకపోతే సంతోషమే. కానీ ఆవిడ అడిగింది కడుపుతో ఉన్నప్పటి సంగతి, అది చెప్తాను.

వెంట్రుక మింగినా పోయేది జీర్ణాశయంలోకి. బిడ్డ ఉండేది గర్భసంచిలో. రెండింటికీ దారి లేదు. అత్తయ్యగారికి నెమ్మదిగా చెప్పండి, వాదించకండి. మీకు ఆస్తమా, ఎలర్జీ ఉంటే అది వేరే మాట.

టాక్సోప్లాస్మా పిల్లి మలంలో వస్తుంది, కుక్క మలంలో రాదు. సరిగ్గా ఉడకని మాంసం, తోట మట్టి వల్ల కూడా రావచ్చు. మీ స్నేహితురాలు విన్నది నిజమే, జంతువే మారిపోయింది.

కుక్కపిల్లతో నిజంగా చూసుకోవాల్సింది ఏలిక పాములు. చాలా కుక్కపిల్లలకి అవి తల్లి కడుపులో ఉండగానే అంటుకుంటాయి. అందుకే రెండో వారం నుంచి ఎనిమిదో వారం దాకా రెండు వారాలకోసారి నులిపురుగుల మందు పడాలి, తర్వాత ఆరు నెలల వయసు దాకా నెలకోసారి. తెచ్చుకునే ముందు ఆ మందు ఎప్పుడెప్పుడు వేశారో అడగండి. "వేశాం లెండి" అంటే సరిపోదు, తేదీలు కావాలి. వాటి గుడ్లు మలంతో మట్టిలో పడి, కొన్ని వారాలు గడిచాకే అంటుకునే దశకి వస్తాయి. కాబట్టి మలం ఏ రోజుకారోజు ఎత్తేస్తే సగం సమస్య తీరినట్టే. ఆ పని మాత్రం మీది కాదు, మీవారిది. విరేచనాలతో ఉన్న కుక్కపిల్లని అసలు ముట్టుకోకండి. పిడుదుల మందు రాయడం కూడా ఆయనకే అప్పజెప్పండి. కుక్క పార్వో, అంటే కుక్కపిల్లలకి వాంతులు విరేచనాలు తెచ్చే వైరస్ జబ్బు, మనుషులకి రాదు, పేరు విని కంగారుపడొద్దు.

పంటి గాటు పడితే సబ్బు, పారే నీళ్ళతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. గర్భంతో ఉన్నా రేబిస్ టీకా వేయించుకోవచ్చు, వేయించుకోవాలి. కడుపుతో ఉన్నానని ఆగడమే ప్రమాదం. కుక్కపిల్లకి రేబిస్ టీకా మూడు నెలలు నిండాక వేస్తారు, అంటే మీరు తెచ్చే వయసుకి అది పడి ఉండదు.

నా అనుభవంలో ఈ నెలల్లో జబ్బుల కన్నా పడిపోవడమే ఎక్కువ. పొట్ట అడ్డం, కాళ్ళ దగ్గర ఏముందో కనబడదు, అదేమో కాళ్ళ మధ్యే తిరుగుతుంది.

ఇంకో మాట, మీరు అడగలేదు. మీకు చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందా? రాకపోతే, టీకా కూడా వేయించుకోకపోతే, కుక్కపిల్ల కన్నా పార్టీకొచ్చే పిల్లల గురించి ఎక్కువ జాగ్రత్తపడాలి. పొక్కులు కనబడటానికి ఒకటి రెండు రోజుల ముందునుంచే అది అంటుకుంటుంది. పార్టీ అయ్యాక ఎవరికైనా వచ్చిందని తెలిస్తే ఆ రోజే మీ డాక్టర్‌కి చెప్పండి. అంటిన పది రోజుల్లోపు ఇచ్చే రక్షణ ఇంజెక్షన్ ఉంది.

ఇద్దరు పిల్లల నాన్న

అందరూ పగలు గురించే మాట్లాడుతున్నారు. రాత్రి సంగతి? రెండు నెలల కుక్కపిల్ల మహా అయితే మూడు గంటలు ఆపుకుంటుంది. పన్నెండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి, తెల్లారగట్ల ఒకసారి బయటికి తీసుకెళ్ళాలి. ఇంట్లో పోయకుండా పూర్తిగా అలవాటు కావడానికి నెలలు పడుతుంది. అవే నెలల్లో మీకు డెలివరీ. పసిబిడ్డకి రెండు మూడు గంటలకోసారి పాలు. నాలుగో నెల నుంచి దానికి పాలపళ్ళు ఊడుతుంటాయి, కనబడిందల్లా కొరుకుతుంది. బిడ్డ గుడ్డలు కూడా.

మీవారికి నా సలహా ఒకటే. మూడు రాత్రులు అలారం పెట్టుకోమనండి. లేచి, చెప్పులేసుకుని, మెట్లు దిగి, గేటు దాకా వెళ్ళి, పది నిమిషాలు నిలబడి రమ్మనండి. కుక్క అక్కర్లేదు. ఎగతాళికి కాదు, నేనే ముందు అలా చేసి ఉండాల్సింది.

ఇంట్లో రెండు కుక్కలున్న ఆవిడ

మంచి మాట. అయినా పూర్తిగా వద్దనను. బిడ్డకి ఏడెనిమిది నెలలొచ్చి, రాత్రుళ్ళు కాస్త నిద్ర పడుతున్నాక చూడండి. అప్పుడు కూడా కుక్కపిల్లకన్నా రెండేళ్ళు నిండిన నెమ్మదైన కుక్క నయం, స్వభావం తెలిసిపోయి ఉంటుంది. ఎంత మంచి కుక్కైనా పసిబిడ్డతో ఒంటరిగా ఒక్క నిమిషం కూడా వదలకూడదు.

పార్టీ రెండు గంటలు చాలు, పిల్లలు తక్కువ చాలు. మీరు కుర్చీలో కూర్చుని హుకుం జారీ చేయండి. పేలిన బెలూన్ ముక్కలు మాత్రం వెంటనే ఏరించండి, చిన్నపిల్లల గొంతుకీ అడ్డం పడతాయి. పాపకి ఒక గిన్నె, ఒక మెడపట్టీ ప్యాక్ చేసి ఇవ్వండి. పాపాయికి పళ్ళొచ్చాక కుక్క వస్తుందని చెప్పండి. తేదీ చెప్పకండి, లెక్కపెడతారు.

ప్రశ్న అడిగినావిడ

అందరికీ థాంక్స్ అండీ. పార్టీ నిన్నే అయింది. అలారం సంగతి మా ఆయనకి చదివి వినిపించాను. "ఓస్ ఇంతేనా" అన్నారు. మొదటి రాత్రి మూడుసార్లూ దిగారు. రెండో రాత్రి మూడింటి అలారం నేనే ఆపాను, ఆయన కదల్లేదు. మూడో రాత్రి గురించి ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆ కుక్కపిల్లని వేరేవాళ్ళకి మాట్లాడేశారు.

నాకు ఆటలమ్మ రెండో తరగతిలో వచ్చిందని అమ్మ చెప్పింది, ఆ బెంగ తీరింది. పాప కాసేపు మూతి ముడుచుకుంది. తర్వాత గిన్నె పట్టుకెళ్ళి నీళ్ళు పోసి గుమ్మం పక్కన పెట్టింది, కుక్క ముందుగా వచ్చేస్తే దాహమేస్తుందట. ఈ రోజు పొద్దున పొట్ట అడ్డం వచ్చి కనబడక నేనే అందులో కాలు పెట్టాను. గిన్నె గోడవారకి జరిపించాం.