సర్వర్ లేని యాప్‌ను సంఘానికి నమ్ముకోవచ్చా?

పెన్నా తీరం, అనంతపురం
మా వేరుశనగ రైతుల సంఘం ధరలు, విత్తనాల కబుర్లకు కంపెనీ యాప్ మాని జామి అనే మెసేజింగ్ యాప్ పెట్టుకుందామని మా ఊరి కుర్రవాడు ఒకటే పట్టు. ఫోను నంబరు అడగదు, మాటలు ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు నేరుగా వెళ్తాయి, కోడ్ అందరికీ తెరిచే ఉంది అంటాడు. ఇలాంటివి ఎన్నాళ్లు ఉంటాయన్నదే నా అనుమానం.

బురుజు నీడ, కర్నూలు
ఆ ప్రశ్న ముందు కంపెనీలను అడగాలి అన్నా. స్కైప్ 2003లో పుట్టింది యంత్రాలు నేరుగా మాట్లాడుకునే పీర్-టు-పీర్ పద్ధతిలోనే. 2011లో మైక్రోసాఫ్ట్ 850 కోట్ల డాలర్లకు కొన్నది, 2025 మే 5న మూసేసింది. కోడ్ బయట లేదు కాబట్టి ఇంకెవరూ దాన్ని ఎత్తుకోలేకపోయారు. ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఆఫీస్ ఒరాకిల్ కంపెనీ చేతికి వెళ్లినప్పుడు మాత్రం పనిచేసేవాళ్లే 2010లో కోడ్‌తో సహా బయటికి వచ్చి లిబ్రెఆఫీస్ మొదలుపెట్టారు. జామిదీ అలా కోడ్ తీసుకుని కొనసాగించే హక్కు ఇచ్చే జీపీఎల్ లైసెన్సే.

కడప గడప
లైసెన్సు హక్కు ఇస్తుంది, మనుషులను ఇవ్వదు. ఎక్స్‌జెడ్ గుర్తుందా? లినక్స్ యంత్రాల్లో అంతటా ఉండే ఫైళ్లను కుదించే ఆ చిన్న సాఫ్ట్‌వేర్ భాగాన్ని చూసుకునేది దాదాపు ఒక్క మనిషే. సాయం చేస్తానని వచ్చినవాడు రెండేళ్లకు పైగా నమ్మకంగా మెలిగి, చివరికి దొంగదారి పెట్టాడు. లాగిన్ అర సెకను ఆలస్యం కావడం చూసి 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. కోడ్ తెరిచి ఉంది గనుకే దొరికిందని మీరంటారు. దొంగ వచ్చిందీ ఆ తలుపులోంచే కదా!

ఇంకో సంగతి. స్కైప్ కూడా పీర్-టు-పీర్‌ను ఊరికే వదల్లేదు. ఎప్పుడూ మేలుకుని ఉండే కంప్యూటర్లు పోయి, బ్యాటరీ కోసం నిద్రపోయే ఫోన్లు వచ్చాయి. పైగా మొబైల్ నెట్‌వర్క్‌లో ఒకే ఇంటర్నెట్ చిరునామా వెనక ఎందరో వినియోగదారులు ఉంటారు, రెండు ఫోన్లు నేరుగా కలవడమే కష్టం. అప్పుడు జామి కూడా మధ్యలో మాటలను అటూ ఇటూ అందించే రిలే సర్వర్ పట్టుకోవలసిందే.

బురుజు నీడ
రిలే నిజమే, కాదనను. కానీ ఆ దారిన పోయే మాట గుప్తంగానే ఉంటుంది. పంపిన మనిషి ఫోను ఆఫ్ అయినా, గుంపులో ఇంకెవరి ఫోనుకైనా కబురు చేరి ఉంటే అక్కడి నుంచి మిగతావాళ్లకు అందుతుంది. సంఘానికి ఇంకేం కావాలి?

హంద్రీ ఒడ్డు
ప్రభుత్వాన్ని మరిచిపోతున్నారు. బ్లూటూత్‌తో, ఇంటర్నెట్ లేకుండా కూడా నడిచే బ్రయర్‌ను, ఎలిమెంట్‌ను కలిపి 14 మెసేజింగ్ యాప్‌లను కేంద్రం 2023లో అడ్డుకుంది. రెండిటి కోడూ తెరిచి ఉన్నదే.

కడప గడప
అంత దూరం ఎందుకండీ. పెన్నా గారూ, మీ కుర్రవాడు ఉద్యోగానికి వెళ్లిపోతే, యాభై ఏళ్లు దాటిన రైతుల ఫోన్లలో ఇది మొరాయించినప్పుడు చూసేది ఎవరు?

పెన్నా తీరం
శుక్రవారం బెంగళూరులో ఇంటర్వ్యూ ఉందట.