పేరున్న యూనివర్సిటీయా, కోరుకున్న బ్రాంచా? పాప అడ్మిషన్ గురించి సలహా కావాలి

అందరికీ నమస్కారం. పోయిన జూలైలో హైదరాబాద్ నుంచి అమెరికాలో డల్లాస్ దగ్గరి ఫ్రిస్కో వచ్చాం. మా వారిది హెచ్1బీ ఉద్యోగ వీసా, నేనూ పాపా ఆయన మీద ఆధారపడే హెచ్4 వీసా. పాప ట్వెల్త్ గ్రేడ్, చిప్ డిజైన్‌లోకి వెళ్లాలని దాని పట్టుదల. టెక్సాస్ ఏ అండ్ ఎమ్‌లో ఇంజినీరింగ్, యూటీ డల్లాస్‌లో ఎలక్ట్రికల్, ఇండియానాలో పర్డ్యూ ఇంజినీరింగ్ వచ్చాయి. మే 1 లోపు ఒకటి ఖాయం చేయాలి. తెలిసినవాళ్లంతా పేరున్నది వదులుకోవద్దంటున్నారు. నాకు నిద్ర పట్టడం లేదండీ.

---

పాపకి అభినందనలు చెప్పండి. మూడూ మంచి చోట్లే, టెన్షన్ పడకండి అమ్మా. మూడు అడ్మిషన్ లెటర్లూ పక్కపక్కన పెట్టుకుని, మేజర్, అంటే బ్రాంచ్ అన్న చోట ఏం రాశారో చూడండి. యూటీ డల్లాస్‌ది ఎలక్ట్రికల్ అనే ఉంటుంది. ఏ అండ్ ఎమ్‌ది జనరల్ ఇంజినీరింగ్, పర్డ్యూది ఫస్ట్ ఇయర్ ఇంజినీరింగ్ అని ఉంటుంది. అంటే ఆ రెండు చోట్లా సీటు వచ్చింది, బ్రాంచ్ ఇంకా రాలేదు. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో కాలేజీ, బ్రాంచ్ కలిపి ఆప్షన్ పెట్టుకున్న మనకి ఈ తేడా తట్టదు.

ఏ అండ్ ఎమ్‌లో మొదటి ఏడాది చదివాక బ్రాంచ్ కోసం మళ్లీ అప్లై చేయాలి. దాన్ని పిల్లలు ఈటామ్ అంటారు. జీపీఏ, అంటే 4కి లెక్కగట్టే గ్రేడ్ల సగటు, 3.75 ఉంటే మొదటి ఆప్షన్ నేరుగా ఇస్తూ వచ్చారు. మీ పాప బ్యాచ్‌కి నియమం ఏమిటో వాళ్ల సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి. సమాన క్రెడిట్లున్న నాలుగు సబ్జెక్టుల్లో మూడు ఏ, ఒక బీ వస్తే సరిగ్గా 3.75. ఇంకో బీ పడితే 3.5. కాలిక్యులస్, ఫిజిక్స్ ఉన్న ఏడాదిలో, కొత్త దేశంలో, ఇల్లు వదిలి వెళ్లిన పిల్లకి అది చిన్న బరువు కాదు.

మా అబ్బాయికి కంప్యూటర్ సైన్స్ కావాలి. ఒక పెద్ద స్టేట్ యూనివర్సిటీలో మేజర్ తేలకుండానే చేర్పించాం. లోపలికెళ్లాక మార్చుకోవచ్చులే అని నేనే నచ్చజెప్పాను. రెండుసార్లు అప్లై చేశాడు, రెండుసార్లూ ఇవ్వలేదు. ఆ రాత్రి ఫోన్ చేసి, "నాన్నా, ఇప్పుడు నేనేం చదవాలి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అందుకే మీకింత రాస్తున్నాను.

చిప్ డిజైనే అని పాప మనసు గట్టిగా ఉంటే నేనైతే యూటీ డల్లాస్‌కే పంపిస్తాను. ఆ యూనివర్సిటీకి పునాది వేసింది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ స్థాపకులే. 1958లో జాక్ కిల్బీ అనే ఇంజినీరు ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్, అంటే చిప్ చేసి చూపించింది కూడా ఆ కంపెనీలోనే, డల్లాస్‌లోనే. పైగా ఇంటి నుంచి వెళ్లి రావచ్చు. ఇంకా ఏ బ్రాంచో తేల్చుకోలేదంటే మాత్రం ఏ అండ్ ఎమ్ మొదటి ఏడాది ఆమెకి మేలే చేస్తుంది. పర్డ్యూ ఇంజినీరింగ్‌కి వంక పెట్టలేం. కానీ బయటి రాష్ట్రం వాళ్లకి ట్యూషన్ ఒక్కటే ఏడాదికి దాదాపు 28,800 డాలర్లు. హాస్టల్, తిండి వేరే.

---

అన్నయ్య గారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. అక్కా, హెచ్4 మీద పాప జీతం వచ్చే ఇంటర్న్‌షిప్ చేయకూడదు. ఈ రంగంలో ఉద్యోగానికి దారి ఇంటర్న్‌షిప్పే. ఎఫ్1 స్టూడెంట్ వీసాకి మారితే, ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాక సీపీటీ అనే అనుమతి మీద చేయవచ్చు. గ్రీన్ కార్డ్ రాకపోతే 21 నిండేసరికి హెచ్4 ఎలాగూ పోతుంది. అయితే మారే ముందు, ఫీజు మీద దాని ప్రభావం ఏమిటో ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగండి. రాష్ట్రం వాళ్లకిచ్చే తక్కువ ఫీజుకి, అంటే టెక్సాస్ రెసిడెంట్ ఫీజుకి, ఇక్కడ 12 నెలలు స్థిరంగా ఉన్నట్టు చూపించాలి. ఇంటి లీజు, బావగారి జీతం స్లిప్పులు ఒక్కటీ పారేయకండి.

---

ఇద్దరికీ చాలా థాంక్సండీ. లెటర్లు తీసి చూశాం, మీరన్నట్టే ఉంది. పాప ఆ జనరల్ అన్న మాట దగ్గరే ఆగిపోయింది. శనివారం దాన్ని తీసుకుని యూటీ డల్లాస్ క్యాంపస్ చూసి వస్తాం.