ఫ్లోరోసిస్ మచ్చలున్న పళ్లపై బ్రాకెట్లు ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న (ఒక తండ్రి, మర్రిగూడ, నల్గొండ జిల్లా):
మా అమ్మాయికి పదిహేనేళ్లు. పళ్లకు క్లిప్పులు పెట్టించి నాలుగు నెలలైంది. ఈలోగా పై పంటి బ్రాకెట్ (తీగను పట్టి ఉంచేందుకు పంటికి అతికించే చిన్న బిళ్ల) ఒకటి మూడుసార్లు, కింది పంటిది రెండుసార్లు ఊడాయి. చిన్నప్పుడు తాగిన, ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ల వల్ల తన పళ్లపై ఫ్లోరోసిస్ అనే గోధుమరంగు మచ్చలున్నాయి. గట్టి పదార్థాలు తింటోందని డాక్టరు గారు అమ్మాయినే మందలిస్తున్నారు. ఇంతకంటే బలమైన జిగురు ఉంటే ఖర్చుకు వెనుకాడము. లోపం జిగురులోనా, పళ్లలోనా?

సమాధానం (ఆర్థోడాంటిస్ట్):
నున్నటి కాంక్రీటు గోడకు ప్లాస్టరింగ్ చేసే ముందు మేస్త్రీ గాట్లు పెట్టినట్టే, మేమూ పంటికి గట్టి కవచమైన ఎనామిల్‌పై సాధారణంగా 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని 15 నుంచి 30 సెకన్లు ఉంచి, కంటికి కనిపించని గుంటలు చేస్తాము. ఆ గుంటల్లోకి ఇంకిన రెజిన్ అనే జిగురు లైటు వెలుగుకు గట్టిపడి పట్టు ఇస్తుంది. 1955లో అమెరికాలో దంత పరిశోధకుడు బ్యూనోకోర్ చూపిన మార్గమిది. ఫ్లోరోసిస్ పంటిలో పై పొర ఖనిజం ఎక్కువై ఆమ్లానికి త్వరగా లొంగదు, దాని అడుగు పొరేమో గుల్లబారి ఉంటుంది. అందుకే ఇలాంటి పళ్లకు ఆమ్లాన్ని ఎక్కువసేపు ఉంచడమో, పై పొరను ముందుగా స్వల్పంగా అరగదీయడమో చేస్తుంటారు. గుంటలు చేశాక లాలాజలం తగిలితే మాత్రం ఈ శ్రమంతా వృథా.

సమాధానం (పీజీ విద్యార్థి):
జిగురు బలాన్ని కొలవడానికి, చికిత్స కోసం తీసేసిన ప్రీమోలార్ (కోర పన్ను వెనుకుండే చిన్న నమిలే) పళ్లకు బ్రాకెట్ అతికించి, అది ఊడేదాకా యంత్రంతో నెడతాము. వైద్యానికి 5.9 నుంచి 7.8 మెగాపాస్కల్ (అతికిన వైశాల్యానికి ఎంత బలం పడుతుందో చెప్పే కొలత) పట్టు చాలునని 1975లో పరిశోధకుడు రేనాల్డ్స్ సూచించిన అంకెనే ఇప్పటికీ అందరూ ఉదహరిస్తారు. ఆరోగ్యమైన పళ్లపై వాడుకలో ఉన్న రెజిన్లు ప్రయోగశాలలో దీన్ని సులువుగానే దాటుతాయి. అయితే అక్కడ లాలాజలమూ లేదు, రోజూ నమలడమూ లేదు. పైగా యంత్రం వేగం మారితే అంకె కూడా మారుతుంది కనుక, డబ్బా మీది అంకెలు చూసి జిగురును ఎంచుకోవడం నాకు సమంజసంగా తోచదు. అంతకంటే, ఊడిన బ్రాకెట్ వెనుక వైపు చూడండి. జిగురంతా బ్రాకెట్‌కే ఉండి పన్ను శుభ్రంగా ఉంటే, పట్టు తప్పింది పంటి దగ్గర. జిగురు పంటిపైనే ఉండిపోయి బ్రాకెట్ వెనుకనున్న జాలీ ఖాళీగా ఉంటే, తప్పింది బ్రాకెట్ దగ్గర.

తండ్రి:
చూశాను. పై పంటి బ్రాకెట్‌కు జిగురంతా అంటుకునే ఉంది. కింది దానికి దాదాపు ఏమీ లేదు, పంటిపై మాత్రం గరుకుగా తగులుతోందట.

సమాధానం (ఆర్థోడాంటిస్ట్):
అయితే ఇవి రెండు వేర్వేరు సమస్యలు కావచ్చు. పై పంటికి ఎనామిల్‌ను సిద్ధం చేసే పద్ధతి మార్చాలి. కింది దాని విషయంలో, నోరు మూసినప్పుడు పై పన్ను నేరుగా ఆ బ్రాకెట్‌కు తగులుతోందేమో చూడమనండి. తగులుతుంటే వెనుక పళ్లపై కొద్దిగా రెజిన్ వేసి కాటు ఎత్తు పెంచి, ఆ తాకిడిని తప్పించవచ్చు. బలమైన జిగురు మాత్రం అడగకండి. చికిత్స ముగిశాక బ్రాకెట్‌ను తీయాల్సిందే. పట్టు మరీ ఎక్కువైతే, అసలే బలహీనమైన ఆ ఎనామిల్ దానితోపాటు పెచ్చుగా లేచే ప్రమాదముంది. ఊడిన రెండు బ్రాకెట్లనూ పారేయకుండా డాక్టరు గారికి చూపించండి.