రంగస్థల నాటకం తొలి టెలివిజన్‌కు ఎలా ఒదిగింది?

ప్రశ్న: వేదిక మీద మూడు గంటలు సాగే నాటకాన్ని, వేలెడంత తెర ఉన్న తొలి టెలివిజన్‌కు ఎలా కుదించేవారు? కత్తిరించినది సంభాషణలనేనా, లేక నాటకం ఎంపికే వేరుగా ఉండేదా?

సమాధానం 1: మొదట్లో ఎంపికే ముఖ్యం. 1930 జూలై 14న బీబీసీ, టెలివిజన్ ఆవిష్కర్త జాన్ లోగీ బెయిర్డ్ సంస్థ కలిసి ప్రసారం చేసిన, ఇటలీ నాటక రచయిత పిరాండెల్లో నాటకం ‘ది మ్యాన్ విత్ ది ఫ్లవర్ ఇన్ హిజ్ మౌత్’ చిన్నది, పాత్రలు తక్కువ, కదలిక దాదాపు లేదు. చిత్రాన్ని గీతలుగా విడగొట్టి పంపే ఆ పద్ధతిలో 30 గీతలే ఉండటం వల్ల ఒకేసారి ఒక ముఖమే సరిగ్గా కనిపించేది. అందుకని ఒక నటుడి నుంచి మరొకరికి మారేటప్పుడు మధ్యలో గళ్ల పలకను అడ్డంగా జరిపేవారు.

సమాధానం 2: అంతకు ముందే, 1928 సెప్టెంబరులో అమెరికాలోని షెనెక్టడీలో ‘ది క్వీన్స్ మెసెంజర్’ అనే నాటకం ప్రసారమైంది. అందులో ముఖాలు ఇద్దరివి, చేతులు వేరే ఇద్దరివి! మూడో కెమెరా చేతులను, వస్తువులను మాత్రమే చూపేది. నటన అన్నది ఒక్క శరీరానికి చెందినదనే నమ్మకం అక్కడే సడలిందని నాకనిపిస్తుంది.

సమాధానం 3: కుదింపు గురించి కూడా చెప్పాలి. 1938లో బీబీసీ, రోబోల గురించి చెక్ రచయిత కారెల్ చాపెక్ రాసిన ‘ఆర్.యు.ఆర్.’ నాటకాన్ని సుమారు 35 నిమిషాలకు తగ్గించి ప్రత్యక్షంగా ప్రసారం చేసింది. రికార్డింగు లేని ఆ రోజుల్లో పునఃప్రసారం అంటే నటులు మళ్లీ వచ్చి, మొత్తం నాటకాన్ని మొదటి నుంచి ఆడటమే.