ఉగాది సంబరాల స్టాల్: సరుకు ఏ ఖాతాలోంచి కొనాలో ఈ వారమే తేల్చుకుందాం

కోశాధికారి (తిరుపతి నుంచి)
అందరికీ నమస్కారం. నిన్న శ్రీకాళహస్తి పోయి కలంకారీ చూసొచ్చినా. అడ్వాన్స్ ఇచ్చే ముందు డబ్బు బ్రిటన్‌లోని మన సంఘం ఖాతాలోంచి పోవాలా, అమ్మకాల కోసం సంఘం పెట్టిన కంపెనీ ఖాతాలోంచా అని తేలాలి.

పోయినేడాది చందా డబ్బుతోనే చీరలు, సంచులు తెప్పించినాం. సగం అమ్ముడుపోలేదు. అట్టపెట్టెలు ఇంకా మా గ్యారేజీలోనే ఉన్నాయి. పిల్లల చదువులకని సభ్యులు ఇచ్చిన డబ్బు అది. సర్వసభ్య సమావేశంలో ఆ లెక్క చదివేటప్పుడు నాకు గొంతు పెగల్లేదు. మళ్లీ అట్లా జరగకూడదనే కంపెనీ పెట్టుకున్నాం.

కొత్తగా చేరినవాళ్ల కోసం చెప్తా. బ్రిటన్‌లో మన సంఘంలాంటి ఛారిటీ (సేవాసంస్థ) నేరుగా కొని అమ్మే వ్యాపారానికి హద్దుంది. ఏడాది ఆదాయం 32,000 పౌండ్లలోపు ఉంటే 8,000 పౌండ్ల అమ్మకాల వరకు లాభం మీద పన్నుండదు. ఆదాయం 3,20,000 వరకు ఉంటే అందులో నాలుగోవంతు అమ్మకాల దాకా, ఆపైన ఎంత పెద్ద ఛారిటీకైనా 80,000. కంపెనీకి ఈ హద్దు లేదు. దాని వాటాలన్నీ సంఘానివే. లాభమంతా గిఫ్ట్ ఎయిడ్ (ఛారిటీకిచ్చే విరాళానికి పన్ను మినహాయింపు) కింద సంఘానికి ఇచ్చేస్తే, అదీ లెక్కల సంవత్సరం ముగిసిన 9 నెలల్లోపు చేరితే, కార్పొరేషన్ ట్యాక్స్, అంటే కంపెనీ లాభం మీద పన్ను, పడదు. నాకు పన్ను కన్నా ముఖ్యమైంది ఇంకోటుంది. సరుకు మిగిలిపోతే ఆ నష్టం కంపెనీ మీద పడాల గానీ చందా డబ్బు మీద కాదు.

స్టాల్ చూసే అక్క
కంపెనీ ఖాతాలో ఇప్పుడు ఏముంది అన్నా? మళ్లీ సంఘమే ఇవ్వాల కదా?

కోశాధికారి
సరిగ్గా అడిగినావక్కా. సంఘం ఊరికే ఇవ్వకూడదు. అప్పుగా ఇవ్వొచ్చు. దానికి కాగితం ఉండాల, వడ్డీ ఉండాల, ఎప్పుడు తీరుస్తారో రాసుండాల. తిరిగొస్తుందా అని ట్రస్టీలు, అంటే సంఘాన్ని నడిపేవాళ్లు, ముందే ఆలోచించాల. రాకపోతే మునిగేది మళ్లీ చందా డబ్బే. అందుకే తక్కువ తీసుకుందామంటున్నా. సంఘం గది, ప్రింటరు వాడుకుంటే దాని ఖర్చు కూడా కంపెనీ కట్టాల.

వంటల బాధ్యుడు
భోజనాలు, టికెట్లు కూడా కంపెనీ పేరుతోనేనా?

కోశాధికారి
వద్దు. నిధుల కోసమే చేస్తున్నామని ముందే ప్రకటించిన కార్యక్రమానికి వేరే మినహాయింపుంది. ఒకేచోట అట్లాంటివి ఏడాదికి 15 దాకా చేసుకోవచ్చు. టికెట్లు, భోజనాలు సంఘం పేరుతోనే. ఏడాది పొడుగునా అమ్మే చీరలు, దుపట్టాలు, క్యాలెండర్లు మాత్రం కంపెనీవి. రెండు డబ్బాలు పెట్టండి, రెండు రసీదు పుస్తకాలు పెట్టండి. సాయంత్రం ఎవరూ కలిపేయొద్దు, దయచేసి.

ఇంకోటి. రాగిసంగటి అక్కడికక్కడ వడ్డిస్తాం, సరే. ఊరిబిండి డబ్బాల్లో ముందే కట్టి పెడితే మాత్రం పదార్థాలన్నీ లేబుల్ మీద ఉండాల, అలర్జీ తెచ్చేవి కొట్టొచ్చినట్టు కనపడాల. 2021 అక్టోబర్ నుంచి ఇది చట్టం. ఊరిబిండి అంటే చెనక్కాయలే కదా. మనకు తెలిసిన విషయమే, పక్కింటి పిల్లోడికి తెలియదు.

చిత్తూరు తమ్ముడు
అన్నా, లడ్డూలు తెస్తే స్టాల్‌లో ఇట్టే అయిపోతాయి.

కోశాధికారి
తెస్తా, కానీ అమ్మేదానికి కాదు. అది స్వామి ప్రసాదం. 2009 నుంచి ఆ పేరుకు టీటీడీ కింద జీఐ (ఫలానా చోటిదని చట్టం ఇచ్చే గుర్తింపు) కూడా ఉంది. చిన్నచిన్నగా చేసి వచ్చినోళ్లందరికీ పంచుదాం.

చిత్తూరు తమ్ముడు
సరే అన్నా. మా మామకు శ్రీకాళహస్తిలో కలంకారీ అంగడి ఉంది. అక్కడే తీసుకుందామా?

కోశాధికారి
నువ్వు కంపెనీ డైరెక్టరువి నాయనా. ముందే చెప్పినావు, సంతోషం. మినిట్స్‌లో రాయిస్తా. ఇంకో ఇద్దరి దగ్గర కూడా ధర అడుగుదాం. ఓటేసేటప్పుడు నువ్వు పక్కనుండు. ట్రస్టీ కాని డైరెక్టరు ఒకరు, డైరెక్టరు కాని ట్రస్టీ ఒకరు ఉండాలని మనం పట్టుబట్టింది ఇట్లాంటి రోజు కోసమే.

స్టాల్ చూసే అక్క
సరుకు ఎట్లుంది అన్నా?

కోశాధికారి
నేను చూసిన దుపట్టాకు పాలు, కరక్కాయ కలిపి నానబెట్టిన వాసన ఇంకా పోలేదు. వెదురు కలంతో వేసిన నల్లగీత ఒకచోట లావు, ఒకచోట సన్నం. కలం ఆగినచోట చిన్న చుక్క ఉబ్బింది. ఇనుప తుక్కు, బెల్లం ఊరబెట్టి తీసిన నలుపు అది. పక్క అంగట్లో అదే నెమలి, గీతంతా ఒకే మందం, ధర సగానికన్నా తక్కువ. అది స్క్రీన్ ప్రింట్. రెండూ తెద్దాం, కానీ చీటీ మీద ఏది చేత్తో వేసిందో ఏది అచ్చో రాయాల్సిందే. నాలుగు రోజులు కూర్చుని గీసినాయన కష్టం ప్రింటు పేరు కింద పోకూడదు.

సూట్‌కేసులో తెచ్చేవి అమ్మకపు సరుకని కస్టమ్స్‌లో చెప్తా. బిల్లులన్నీ కంపెనీ పేరుతోనే తీసుకుంటా.

బుధవారం మళ్లీ పోతున్నా. అప్పు నలభై వేల రూపాయలా, అరవై వేలా? ట్రస్టీలు మంగళవారం రాత్రిలోపు ఇక్కడే రాయండి. నా మాట నలభై.