చెడ్డ సూపర్‌మ్యాన్ వేషం: పాత కథ చెప్పించాలా, కొత్తదా?

అన్నా, కామిక్స్ బాగా తెలిసినవాళ్లు ఉంటే కొంచెం చెప్పండి. మాది నల్గొండ. మా అక్క కొడుకు ఆరో తరగతి, వచ్చే శనివారం బడిలో ఫ్యాన్సీ డ్రెస్ ఉంది. క్లాసులో ముగ్గురు సూపర్‌మ్యాన్‌లు ఉన్నారంట, అందుకని వీడికి డీసీ కామిక్స్‌లో హీరోలంతా విలన్లుగా ఉండే ఎర్త్-3 లోకంలోని చెడ్డ సూపర్‌మ్యాన్ కావాలంట, అదే అల్ట్రామ్యాన్. నెట్‌లో వెతికితే 1966 నాటి జపాన్ టీవీ అల్ట్రామ్యానే వస్తున్నాడు, ఆయన వేరే. డీసీ వాడు 1964లోనే జస్టిస్ లీగ్ ఆఫ్ అమెరికా 29వ సంచికలో వచ్చాడు.

డ్రెస్ ఇబ్బంది లేదు, ఛాతీ మీద ఎస్ బదులు యు కుట్టమంటే టైలర్ రెండుసార్లు అడిగి మరీ కుట్టిండు. టెన్షన్ అంతా స్టేజీ మీద చెప్పే రెండు నిమిషాల మాటలతోనే. పాత కథలో సూపర్‌మ్యాన్‌ను చంపే క్రిప్టోనైట్ అనే ఆకుపచ్చ రాయే వీడికి తగిలినప్పుడల్లా కొత్త శక్తి ఇస్తుంది. 2013లో మొదలైన ఫరెవర్ ఈవిల్ అనే కొత్త కామిక్ కథలో మాత్రం దాన్ని పొడి చేసి ముక్కుతో పీలుస్తాడు, ఎండ పడితే నీరసపడతాడు. పిల్లాడేమో తాత నశ్యం పీల్చినట్టు పీల్చి చూపిస్తా అంటున్నాడు, మా అక్క చీపురు తీసింది.

పాత కథే చెప్పిస్తే తప్పవుతుందా? రెండూ కలిపితే తెలిసినవాళ్లు నవ్వుతారా? ఇంకోటి, క్రిప్టోనైట్ కోసం పటిక ముక్కకు ఆకుపచ్చ వాటర్ కలర్ పూసినం, చెమట తగలంగనే చేతికి అంటుతోంది. దేంతో చేస్తే బాగుంటుంది?