ముందు ఫ్యాన్లు మార్చాలా, ఫ్రిజ్ సంగతి చూడాలా?

విద్యుత్ వాడకం తగ్గించాలన్న పట్టుదలతో మా ఇంట్లోని 60 వాట్ల పాత బల్బులన్నీ తీసివేసి, దాదాపు అంతే వెలుగునిచ్చే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు అమర్చాము. దీపాలు వెలిగేది రాత్రి 4 గంటలే కాబట్టి కాబోలు, మీటరులో ఆశించినంత తేడా కనిపించలేదు. రోజుకు 16 గంటలు తిరిగే మూడు సీలింగ్ ఫ్యాన్లు ఒక్కొక్కటి 75 వాట్లు తీసుకుంటున్నాయి గనుక, వాటి స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారుతో తిరిగే) ఫ్యాన్లు పెడితే రోజుకు రెండు యూనిట్లకు పైగా మిగులుతాయని లెక్క వేశాను. అయితే గోడకున్న పాత రెగ్యులేటర్లను తప్పనిసరిగా తొలగించాలా? తలుపు రబ్బరు వదులైన మా 12 ఏళ్ల ఫ్రిజ్‌కు రబ్బరు మారిస్తే సరిపోతుందా, లేక ఫ్రిజ్‌నే మార్చడం మేలా? అనుభవమున్నవారు, ముఖ్యంగా ఒక్కో పరికరం వాడకాన్ని విడిగా కొలిచి చూసినవారు, దయచేసి వివరంగా తెలియజేయగలరు.